ఉసిరి రసం కాచిన ఇత్తడి గంజు

మా పాప ఐదో ఏడు నిండేసరికి పన్నెండు గింజల పేర్లు చెప్పేది. తల్లిని కాబట్టి గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. ఆ గొప్ప ఒక్కటే నాకు మిగిలింది. ఎవరు అడిగినా అడక్కపోయినా చెబుతాను.

మా అత్తమ్మ ఝరాసంగం దగ్గరి పల్లెలో ఉంటుంది. వాన మీద ఆధారపడిన చేను. అయినా ఒకే చేలో పదిరకాలు కలిపి వేస్తుంది. మేం వెళ్ళినప్పుడల్లా చాటలో పన్నెండు చిన్న కుప్పలు పోసి మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. పాప ఒక్కో కుప్పనూ వేలితో తాకుతూ చెప్పుకుంటూ పోయేది. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బెర, నువ్వు, కుసుమ. కుప్పల వరుస మార్చినా, ఒకదాంట్లో ఇంకొకదాని గింజలు నాలుగు కలిపేసినా అత్తమ్మ పప్పులు పాప దగ్గర ఉడికేవి కావు. ఏది కొర్రో ఏది సామో నేను ఇప్పటికీ తడబడతాను. పైగా సైన్స్ టీచర్ని.

"గిది నా పోలిక బిడ్డా, నీ పోలిక గాదు," అని అత్తమ్మ నన్ను ఉడికించేది.

నేను ఝరాసంగం వైపు ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ఉండేది జహీరాబాద్‌లో. మా ఆయనకు హైవే పక్కన బ్యాటరీల షాపు ఉండేది. లారీలవి, ట్రాక్టర్లవి, ఇళ్ళలో ఇన్వర్టర్లవి, పాడైపోయిన బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు తీసి, చెడిపోయినవి మార్చి, సీసం కరగబోసి మళ్ళీ అతికేవాడు. షాపు వెనకాలే రెండు గదుల్లో మా కాపురం. పాప పాకడం నేర్చుకున్నది ఆ షాపు గచ్చు మీదే. నల్లటి అరచేతులతో ఇంట్లోకి పాక్కుంటూ వస్తే మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. ఫోటో కూడా తీశాను. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. చూడలేను, తీసెయ్యలేను.

మా ఆయనకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం షాపు కట్టేసే ముందు బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకునేవాడు. పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడట, బెల్లం తింటే ఒంట్లోకి పోయిన సీసం గొంతులోంచి కిందికి దిగిపోతుందని. ఆ బజార్లో బ్యాటరీ పని చేసేవాళ్ళందరి దగ్గరా ఒక బెల్లం డబ్బా ఉంటుంది. నేను దాన్ని చూసి ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు.

"బెల్లానికేం తెలుసు సీసం సంగతి?" అనేదాన్ని.

"నువ్వు టీచరమ్మవు, నీకన్నీ ఎరుకే. మాకు ఉస్తాద్ చెప్పిందే పాఠం," అని నవ్వి, ఇంకో ముక్క విరిచి పాప నోట్లో పెట్టేవాడు. ఆ చేత్తోనే. చేతులు కడుక్కోమని చెప్పాలని నాకు తోచలేదు. బెల్లం మీద వెక్కిరింపులు మాత్రం బాగా తోచాయి.

పాప ఒకటో తరగతిలో ఉండగా మొదలైంది. ముందు కడుపునొప్పి. పురుగులేమో అని మందు వేశాం. తరువాత అన్నం సహించకపోవడం, చిన్నదానికీ పెద్దదానికీ ఏడుపు, రాసిన పలక విసిరికొట్టడం. పెంకితనం అనుకున్నాను. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది, రెండు మూడు సార్లు కొట్టాను కూడా. ఆ దెబ్బలు ఇప్పుడు నాకు తగులుతున్నాయి. అప్పుడు దానికి చేతనైనది అదే, అది కావాలని చేయలేదు.

ఒక ఆదివారం అత్తమ్మ ఎప్పటిలాగే చాట ముందు పెట్టింది. పాప జొన్న అంది, సజ్జ అంది. కొర్ర దగ్గర వేలు ఆగిపోయింది. కాసేపు చూసి, "గీ పచ్చగుండేది," అంది. అత్తమ్మ నవ్వి తరువాతి కుప్ప చూపించింది. "గిది... చిన్నగుండేది," అంది పాప. పన్నెండింటిలో ఎనిమిదే వచ్చాయి. తనకు రానివి రాలేదని తెలిసి చాట తోసేసి, నాయనమ్మ ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చింది. గింజలన్నీ వాకిట్లో కలిసిపోయాయి. అత్తమ్మ వాటిని ఏరుతూ నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు.

"పిల్లకేమో అయ్యిందే. జర మంచి దవాఖానల చూపెట్టున్రి," అంది.

హైదరాబాద్ తీసుకువెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ పాప కనురెప్ప కింద చూసింది, రక్తం తక్కువగా ఉందంది. పొట్ట తడిమింది. పాపతో మాటలు పెట్టుకుని ఏవో బొమ్మలు చూపించింది. చివరికి మా ఆయన చేతుల వైపు చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. బ్యాటరీల పని అన్నాడు. ఆమె రాస్తున్న కలం ఆగింది. ఇంకో పరీక్ష రాసింది. అది వచ్చాక కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది, పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని.

ఆమె చెప్పింది నాకు బాగా అర్థమైంది. అర్థం కావడం నా ఉద్యోగం. సీసం ఒంట్లోకి చేరితే క్యాల్షియంలా నటిస్తుంది. ఒళ్ళు దాన్ని గుర్తుపట్టదు, ఎముకలోకి రానిస్తుంది, మెదడులోకి రానిస్తుంది. పెరుగుతున్న పిల్లల మెదడులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య కొత్త దారులు పడుతుంటాయి. ఇది వెళ్ళి ఆ పని చెడగొడుతుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టు కణాలను లోపల్నుంచి తినేసే ఒక రకం చర్యను ఎగదోస్తుంది. ఆ తుప్పును అడ్డుకునే పదార్థాలు మన తిండిలో కొన్ని ఉంటాయి, వాటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు.

"ఇవన్నీ తరువాతమ్మా," అంది డాక్టరమ్మ. "ముందు సీసం వచ్చే దారి మూసెయ్యండి. ఆ దుమ్ము, ఆ పొగ పాప దగ్గరికి రాకూడదు. అది చేశాక ఐరన్, క్యాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి పెట్టండి. తోడుగా పనికొస్తాయి. మందు మాత్రం అవి కావు."

ఆమె మూడు మాటలు చెప్పింది. నేను మధ్యలో ఉన్నది పట్టుకుని ఇంటికి వచ్చాను.

దారిలో బస్సులో మా ఆయనను నేను అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ రాయాల్సిన అవసరం లేదు. "నా బిడ్డ బుర్రను నీ చేతుల్తోని తిన్నవ్," అన్నది మాత్రం రాస్తాను, ఎందుకంటే అది నేను వెనక్కి తీసుకోవాల్సిన మాట. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన పాపను భుజం మీద వేసుకోబోయి, తన చొక్కా చూసుకుని, చేతులు వెనక్కి తీసుకున్నాడు. సంగారెడ్డి నుంచి జహీరాబాద్ వరకు పాప నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

వారంలో షాపు మూసేస్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళ పని. చేతిలో ఉన్న పని అదొక్కటే. నేను ఒక్క మాట కూడా వద్దనలేదు. మేం ఉండే గదులు ఖాళీ చేసి ఊళ్ళో ఇంకో వీధిలో ఇల్లు తీసుకున్నాం. పాత బట్టలు, పరుపులు, పాప బొమ్మలు, అన్నీ అక్కడే వదిలేశాం. ఆయన ఝరాసంగం దారిలో షేర్ ఆటో నడపడానికి కుదుర్చుకున్నాడు.

అప్పుడు నాకు ఇంకో పిచ్చి పట్టింది. లోహం అంటే భయం. వంటింట్లో సిల్వర్ గిన్నెలని మనం పిలిచే అల్యూమినియం గిన్నెలు కూడా మెదడుకు మంచివి కావని ఫోన్‌లో ఎవరో చెబుతుంటే విని, అన్నీ తీసి బయట పెట్టాను. పాత కాలంలా ఇత్తడిలో వండుకుందాం అనుకున్నాను. అత్తమ్మకు చెబితే ఎంత సంతోషమో! అటక మీదున్న తన పెళ్ళినాటి ఇత్తడి గంజు దింపి, చింతపండుతో తోమి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

ఇత్తడిలో పులుపు వండకూడదు. ఈ ప్రశ్న నేను ప్రతి ఏడాదీ పరీక్షలో ఇస్తాను. పుల్లటి పదార్థాలు ఇత్తడి పాత్రల్లో ఎందుకు నిల్వ ఉంచరు? పులుపులోని ఆమ్లం లోహంతో చర్య జరిపి విషపదార్థాలు ఏర్పరుస్తుంది. ఏం చేయాలి? లోపల తగరంతో కళాయి పూత వేయించాలి. రెండు మార్కులు. జవాబు నాకు నోటికొచ్చు. కాబట్టి కళాయి వేయించాలనుకున్నాను. వీధుల్లో కళాయి పూస్తామని అరుచుకుంటూ వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎవరూ కనిపించడం లేదు. ఆదివారం సంతలో అడిగినా దొరకలేదు.

"నువ్వు పొద్దుందాక లోహాలతోనే ఆడినవ్ గదా. గీ గంజుకు కలాయి పెట్టలేవా?" అన్నాను మా ఆయనతో.

షాపు తాళం ఇచ్చేయడానికి ఇంకా రెండు రోజులుంది. ఆయన కాసేపు గంజును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెడ్త. ఎందుకు పెట్టను," అన్నాడు. బస్సులో ఆ మాటలు అన్న తరువాత నేను ఆయన్ను అడిగిన మొదటి పని అది. ఆయన ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరునాడు తెచ్చాడు. లోపల చూస్తే నా ముఖం కనిపించింది. ఎక్కడా చుక్క వదలలేదు, అంచు దాకా ఒకే పూత. పాప తొంగిచూసి, "గంజుల అమ్మున్నది," అని చప్పట్లు కొట్టింది. "ఊడదు. గట్టిగ పట్టుకున్నది," అన్నాడు ఆయన. ఆ షాపులో ఆయన చేసిన చివరి పని అదే. దేనితో పూశావని నేను అడగలేదు. తళతళ చూసి మురిసిపోయాను.

ఆ చలికాలం అంతా ఉసిరికాయలు తెచ్చాను. ఉసిరిలో విటమిన్ సి ఎంతుంటుందో, ఎండినా ఉడికినా ఎంత నిలుస్తుందో, మెదడును ఎలా కాపాడుతుందో, దొరికిందల్లా చదివాను. సాయంత్రం ఉసిరికాయలు చితక్కొట్టి, నీళ్ళు పోసి, రెండు మిరియాలు, కాస్త బెల్లం వేసి ఆ గంజులో మరిగించేదాన్ని. బెల్లం ఎందుకంటే మా ఆయన అడిగాడని. ఈసారి ఎగతాళి చేయలేదు. మూత పెట్టి అలాగే ఉంచితే తెల్లారేసరికి సారం బాగా దిగుతుంది. పొద్దున వడపోసి, స్టీలు గ్లాసు నిండా పోసి పాపకిచ్చేదాన్ని.

పాపకు అది చచ్చేంత అయిష్టం. వగరు. మొదటి వారం ముక్కు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళు నేలకేసి కొట్టి తాగేది. నేను చెప్పాను, ఇది తాగితే గింజల పేర్లన్నీ తిరిగి గుర్తొస్తాయని. అంతే. ఆ తరువాత ఒక్క రోజు కూడా మారాం చేయలేదు. తానే గ్లాసు తెచ్చుకునేది. తాగేశాక కాసిన్ని నీళ్ళు పోసి, గ్లాసు గిర్రున తిప్పి, ఆ కడిగిన నీళ్ళు కూడా తాగేది.

మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాం. షాపు లేదు, దుమ్ము లేదు, ఇల్లు మారింది. తగ్గి తీరాలి. తగ్గలేదు. పెరిగింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. "ఇంట్లో ఇంకెక్కడి నుంచో వస్తోంది. బాగా వెతకండి," అంది. మా ఆయన వైపు చూసి, "మీరు పని పూర్తిగా మానేశారు కదా?" అంది. మానేశానన్నాడు. నేను నమ్మలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఇంటికి రాగానే చొక్కా తీయించి వాసన చూసేదాన్ని. బ్యాటరీ యాసిడ్ వాసన నాకు బాగా తెలుసు. డీజిల్ వాసన, చెమట వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు. రాకపోతే, ఎక్కడో కడుక్కుని వస్తున్నాడనుకున్నాను. ఒక పొద్దున ఆయన ఆటోలోనే బడికి వెళుతున్నాను. వెనక సీట్లో నాతోపాటు పత్తి ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురున్నారు. ఎవరో పాప ఎట్లుందని అడిగారు. నాలో ఏం రగిలిందో, వాళ్ళకు జవాబు చెప్పకుండా ముందుకు వంగి ఆయన్నే అడిగాను.

"నిజం చెప్పు. దొంగచాటుగ పాత పని చేస్తున్నవా లేదా?"

ఆటో నడుస్తూనే ఉంది. ఆయన అద్దంలో ఒకసారి నన్ను చూశాడు. "పాప మీద ఒట్టు. ముట్టలే," అన్నాడు.

"నా బిడ్డ మీద ఒట్టు వెయ్యకు," అన్నాను.

ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయన నన్ను బడి దగ్గర దించి, ఎప్పటిలాగే నా సంచీ, టిఫిన్ డబ్బా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆయనకు ఆ రోజు నేను చేసింది ఏ మనిషికీ చేయకూడనిది. ఆ రోజు పొద్దున కూడా పాప గ్లాసు నిండా ఉసిరి రసం తాగింది.

పది రోజుల తరువాత పదో తరగతికి లోహాల పాఠం చెబుతున్నాను. మిశ్రమ లోహాల పట్టిక బోర్డు మీద రాశాను. ఇత్తడి: రాగి, జింకు. కంచు: రాగి, తగరం. టంకం: తగరం, సీసం. ఏటా రాసే పట్టికే. చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, టంకం అంటే ఏంది?" అని అడిగింది.

"అతకడానికి వాడేదమ్మా. తీగలు అతుకుతారు. గిన్నెకు చిల్లుపడితే పూస్తారు. బ్యాటరీ షాపుల్లో..." అన్నాను.

అక్కడ ఆగిపోయాను. చాక్‌పీస్ పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. టంకం, పక్కన తగరం, దాని పక్కన సీసం. నేనే రాసింది. నా దస్తూరే. బల్ల మీద కూర్చుండిపోయాను. పిల్లలు భయపడి నీళ్ళు తెచ్చారు. నీళ్ళ గ్లాసు స్టీలుదే. దాన్ని చూస్తే ఏడుపు ఆగలేదు.

హెడ్‌మాస్టర్‌కు చెప్పి బయటికొచ్చాను. ఆయన ఆటో స్టాండులోనే ఉన్నాడు. ఏమైందని అడిగాడు, ఇంటికి పోదామన్నాను. ఇంటికెళ్ళి గంజు తెచ్చి ఆయన ముందు పెట్టాను. అడుగున పొద్దుటి ఉసిరి పిప్పి కొంచెం అంటుకుని ఉంది. నెలల కిందట ముఖం కనిపించిన చోట ఇప్పుడు బూడిదరంగు మరకలు, అక్కడక్కడా పసుపుగా ఇత్తడి తేలింది. రోజూ తోముతూ ఉన్నాను, తోమితే పోతోందనుకున్నాను.

"దీనికి దేనితో పూసినవ్?"

"టంకంతోని. షాపుల మిగిలిందుండె. ఉత్త తగరం యాడ దొరుకుతది?"

"టంకంల సీసం ఉంటదని నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? గానీ డాక్టరమ్మ దుమ్ము, పొగ అని చెప్పింది గదా. ఇది గట్టిది. గంజుకు పట్టుకున్నంక యాడికి పోతది?" అన్నాడు. అని, నా ముఖం చూసి ఆగాడు. "పోతదా?"

ఆయనకు టంకంలో సీసం ఉందని తెలుసు. పులుపు దాన్ని కరిగిస్తుందని తెలియదు. పులుపు సంగతి నాకు తెలుసు, ఏటా రెండు మార్కులకు అడుగుతాను. టంకం సంగతి నేను అడగలేదు. ఒక్క మాట ఇద్దరం మాట్లాడుకుని ఉంటే ఆ గంజు పొయ్యి ఎక్కేది కాదు. కానీ ఆ రోజుల్లో మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను అరిచేదాన్ని, ఆయన వినేవాడు.

మొత్తం చెప్పాను. ఉసిరి ఎంత పుల్లనో, మరిగిస్తే ఏమవుతుందో, తెల్లార్లూ అందులోనే ఉంచితే ఇంకేమవుతుందో. ఆయన గోడకు చేరగిలబడి గంజు వైపే చూస్తున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. బస్సులో నేను అన్నదీ, ఆటోలో అన్నదీ, చొక్కాలు వాసన చూసిందీ, అన్నీ నా ముఖాన కొట్టడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఆయన ఒక్కటే అడిగాడు.

"అంటే మనిద్దరం కలిసే తాపినమా?"

ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. చాలా నెలల తరువాత ఆయన భుజం మీద తల పెట్టాను. చొక్కా డీజిల్ వాసన వేసింది. ఎప్పుడూ అదే వాసన వేసింది. క్షమించమని అడగడం నాకు చేతకాదు, ఆ రోజు అడిగాను. "ఊకో," అన్నాడు.

మరునాడే హైదరాబాద్ వెళ్ళాం. గంజు సంగతి డాక్టరమ్మకు మొత్తం చెప్పాం. పాపను దవాఖానలో ఉంచి, సీసాన్ని మూత్రంలో బయటికి పంపే మందు ఇచ్చారు. చేతికి సూది ఉండగా పాప నన్నడిగింది, "ఉసిరి రసం తాగినగదా, మళ్ళ సూది ఎందుకమ్మా?" అని. వాళ్ళ నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత సీసం తగ్గుతూ వచ్చింది. ప్రతి పరీక్షలోనూ కొంచెం తక్కువ. కడుపునొప్పి పోయింది, అన్నం తింటోంది, ముఖంలోకి రక్తం వచ్చింది. "మరి పోయినవి తిరిగి వస్తాయా?" అని అడిగాను. పోయిన మాటలు, పోయిన తెలివి అని నోరు తెరిచి అనలేకపోయాను. డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. రక్తంలోంచి సీసం పోతుంది, మెదడులోంచి పోయింది అంతా వెనక్కి రాదు అని చెప్పింది. పెరిగే పిల్ల కాబట్టి కొత్తవి నేర్చుకుంటుంది, ఓపికగా నేర్పండి అంది. ఓపిక. నా దగ్గర ఎప్పుడూ లేని వస్తువునే రాసిచ్చింది.

గంజును ఏం చేయాలో తోచలేదు. పాత సామాన్లవాడికి ఇస్తే ఇంకొకరి పొయ్యి మీదికి వెళుతుంది. మా ఆయన మేకు పెట్టి సుత్తితో దాని అడుగున నాలుగు చిల్లులు పొడిచాడు. దాన్ని గోనె సంచిలో కట్టి అటక మీద పెట్టాం. అత్తమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. "గంజు మంచిగున్నదా బిడ్డా?" అని ఫోన్‌లో అడుగుతుంది. మంచిగున్నది అత్తమ్మా అంటాను. తన పెళ్ళిగంజు అని ఆమెకు ఎంత గొప్పో. ఈ ఇంట్లో తప్పు మొయ్యడానికి ఇద్దరం చాలు.

పాప ఇప్పుడు మళ్ళీ రెండో తరగతే చదువుతోంది. చాట మేమే కొన్నాం. సాయంత్రాలు మా ఆయన ఆటో పెట్టి వచ్చి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, కుప్పలు పోసి దాని ఎదురుగా కూర్చుంటాడు. పాప ఒక్కోరోజు ఆరు చెబుతుంది, ఒక్కోరోజు ఏడు. కొర్ర ఇంకా "పచ్చగుండేది". నేను అరవను. అరవకుండా ఉండడం నేర్చుకుంటున్నాను, అది కూడా ఆరు, ఏడు దగ్గరే ఉంది.

మొన్న అత్తమ్మ ఊరి నుంచి సంచెడు ఉసిరికాయలు పంపింది. మళ్ళీ కాపు వచ్చిందట. ఆటోలోంచి దించి మా ఆయన వాటిని గుమ్మం పక్కనే వదిలేశాడు, లోపలికి తేలేదు. వాటిలో ఏ తప్పూ లేదని నాకు తెలుసు. స్టీలు గిన్నెలో కాచుకోవచ్చని, పాపకు మంచిదేనని డాక్టరమ్మ కూడా చెప్పింది. నా చెయ్యి ఆ సంచి వైపు పోలేదు.

పాప బడి నుంచి వచ్చి సంచిలోకి తొంగిచూసింది. బూట్లు విప్పలేదు, వీపున బడి సంచీ దించలేదు. సరాసరి వంటింట్లోకి వెళ్ళి, పాత చోటనే వెతికి, ఆ స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పట్టుకుంది. ఎక్కాలు మరిచిపోతుంది, టీచర్ చెప్పిన హోంవర్క్ మరిచిపోతుంది, తలుపు గొళ్ళెం ఎటు తిప్పాలో ఒక్కోసారి మరిచిపోతుంది. గ్లాసు ఎక్కడుంటుందో మరిచిపోలేదు.

"ఇయ్యి అమ్మా, తాగుత," అంది.

"వద్దు బిడ్డా. ఇంక అక్కర్లేదు," అన్నాను.

దాని ముఖం చిన్నబోయింది. తప్పేదో తనదేనన్నట్టు నా వైపు చూసింది.

"కొర్ర యాదికి రాలేదని ఇస్తలేవా? నేను మంచిగనే తాగిన గదమ్మా. ఒక్క చుక్క గూడ పారబోయలే. గ్లాసు కడిగి గూడ తాగిన."

గుమ్మం దగ్గర మా ఆయన గోడ వైపు తిరిగాడు. నేను గ్లాసు దాని చేతిలోంచి తీసుకుని, దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"అవును బిడ్డా," అన్నాను. "మొత్తం తాగినవ్."